జాన్ బోగుల్, ఇండెక్స్ ఫండ్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

జాన్ బోగుల్ ఎవరు?

అమెరికాలో వాన్‌గార్డ్ అనే మ్యూచువల్ ఫండ్ సంస్థను 1974లో స్థాపించిన వ్యక్తి. అప్పటిదాకా పెన్షన్ నిధుల వంటి పెద్ద ఖాతాలకే పరిమితమైన ఇండెక్స్ పెట్టుబడిని 1976లో మామూలు మదుపరుల దాకా తెచ్చింది ఆయనే. 1929 మే 8న న్యూజెర్సీలో పుట్టారు. అదే ఏడాది చివర్లో అమెరికా స్టాక్ మార్కెట్ కుప్పకూలింది. ఆ తర్వాత వచ్చిన మహామాంద్యంలో కుటుంబం ఆస్తి పోగొట్టుకుంది. స్కాలర్‌షిప్పుల మీద, చిన్న చిన్న ఉద్యోగాలు చేసుకుంటూ చదువుకున్నారు. 2019 జనవరి 16న 89 ఏళ్ల వయసులో పెన్సిల్వేనియాలో కన్నుమూశారు.

చాలామంది ఆయనను ఇండెక్స్ ఫండ్ పితామహుడని పరిచయం చేసి ఊరుకుంటారు. నా దృష్టిలో ఆయన చేసిన అసలు పని వేరే ఉంది. మదుపరుల సొమ్ము మీద లాభం తీసుకునే యజమాని అంటూ లేని సంస్థను ఆయన నిర్మించారు. చౌక ఫండ్ ఆ నిర్మాణం నుంచే వచ్చింది.

ఇండెక్స్ ఫండ్ అంటే ఏమిటి?

నిఫ్టీ 50, సెన్సెక్స్, అమెరికాలో ఎస్ అండ్ పీ 500 వంటి సూచీలో ఏయే కంపెనీలు ఏ నిష్పత్తిలో ఉన్నాయో అవే కంపెనీల షేర్లను అదే నిష్పత్తిలో కొని ఉంచే ఫండ్. ఏ షేరు పెరుగుతుందో, ఏది పడుతుందో ఊహించే పని ఇందులో లేదు. సూచీ మారితే ఫండ్ మారుతుంది. అంతకు మించి ఏమీ చేయదు కాబట్టే ఖర్చు తక్కువ.

ఖర్చు నిజంగా అంత పెద్ద విషయమా? ఒక శాతమే కదా?

బోగుల్ జీవితమంతా ఈ ఒక్క ప్రశ్నకే జవాబు చెబుతూ గడిపారు. కాబట్టి కాగితం, పెన్ను తీసుకుని లెక్క వేసి చూద్దాం.

లక్ష రూపాయలు 30 ఏళ్లు మదుపు చేశారనుకోండి. ఏడాదికి 12 శాతం పెరిగిందని ఒక అంచనా వేసుకుందాం. ఇది హామీ కాదు, లెక్క కోసం తీసుకున్న అంకె మాత్రమే. ఏ ఖర్చూ లేకపోతే చివరికి దాదాపు 29.96 లక్షలు అవుతుంది. ఫండ్ ఏటా 0.2 శాతం తీసుకుంటే మీకు మిగిలేది సుమారు 28.4 లక్షలు. ఒక శాతం తీసుకుంటే 22.9 లక్షలు. రెండు శాతం తీసుకుంటే 17.4 లక్షలు.

చివరి అంకె దగ్గర కాసేపు ఆగండి. రెండు శాతమే అనుకున్నది 30 ఏళ్లకు మొత్తంలో నలభై శాతానికి పైగా మింగేసింది. పెట్టుబడి మీది, నష్టభయం మీది, 30 ఏళ్ల ఓపిక మీది. అవతలివారు అందులో ఒక్క రూపాయి పెట్టలేదు. చీమలు పెట్టిన పుట్టలు పాములకు ఇరవైనట్టుగా ఉండే ఈ ఏర్పాటు మీదనే బోగుల్ కోపమంతా. చక్రవడ్డీ మదుపరి వైపు పని చేసినట్టే, ఖర్చు కూడా చక్రవడ్డీ లాగే పెరిగి మదుపరికి ఎదురు పని చేస్తుందని ఆయన ఎక్కడ మాట్లాడినా చెప్పేవారు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ ఖర్చు ఎక్కడా బిల్లుగా కనిపించదు. ఫండ్‌లో ఒక్కో యూనిట్ (వాటా) విలువగా రోజూ ప్రకటించే ఎన్ఏవీలోంచి ముందే తీసేస్తారు. కరెంటు బిల్లు వంద రూపాయలు పెరిగితే గొడవ చేసే మనం ఏటా వేలల్లో పోయేదాన్ని గమనించకుండా ఉండటానికి కారణం అదే.

ఆయనకు ఈ ఆలోచన ఎలా వచ్చింది?

ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చదువుతూ డిగ్రీ పరిశోధన వ్యాసానికి విషయం వెతుక్కుంటున్న రోజుల్లో, ఫార్చ్యూన్ పత్రిక 1949 డిసెంబరు సంచికలో బోస్టన్ మ్యూచువల్ ఫండ్ల గురించిన వ్యాసం ఆయన కంటపడింది. అదే విషయంగా తీసుకుని 1951లో వ్యాసం పూర్తి చేశారు. మార్కెట్ సగటును మించుతామని ఫండ్లు చెప్పుకోవడానికి వీల్లేదన్న మాట అందులోనే ఉంది. ఆ వ్యాసం చదివిన వాల్టర్ మోర్గన్ ఆయనను ఫిలడెల్ఫియాలోని తన వెల్లింగ్టన్ ఫండ్ సంస్థలో చేర్చుకున్నారు.

అక్కడి నుంచి నేరుగా ఇండెక్స్ ఫండ్‌కు వచ్చేశారని అనుకుంటే పొరపాటే. 1960లో ఆయన జాన్ బి. ఆర్మ్‌స్ట్రాంగ్ అన్న మారుపేరుతో, ఫండ్ మేనేజర్లను సమర్థిస్తూ ఒక వ్యాసం రాశారు. 1966లో, ఊపు మీదున్న షేర్లను వెంటాడి పేరు తెచ్చుకున్న బోస్టన్ సంస్థ ఒకదానితో వెల్లింగ్టన్‌ను విలీనం చేశారు. నాలుగైదేళ్లు బాగానే నడిచింది. 1973లో మొదలైన పతనంలో ఆ ఊపు షేర్లు నేల కరిచాయి, భాగస్వాముల మధ్య సంబంధాలు చెడ్డాయి, 1974 జనవరిలో ఆయననే పదవి నుంచి తొలగించారు.

అందుకే ఆయన మాటను నేను నమ్ముతాను. మేధావి మేనేజర్లతో మార్కెట్‌ను గెలవవచ్చన్న దారిలో స్వయంగా నడిచి, ఆ దారి ఎక్కడ తేలుతుందో చూసి వచ్చిన మనిషి ఆయన.

ఉద్యోగం పోయిన మనిషి కొత్త సంస్థను ఎలా పెట్టగలిగారు?

అమెరికా చట్టంలోని ఒక మెలిక ఆయనకు కలిసొచ్చింది. అక్కడ ఫండ్ వేరు, దాన్ని నడిపే యాజమాన్య సంస్థ వేరు. ఫండ్లకు సొంత డైరెక్టర్ల బోర్డు ఉంటుంది. యాజమాన్య సంస్థ తొలగించినా, ఫండ్ల బోర్డుకు బోగులే అధ్యక్షుడు. ఫండ్లు తమ పని తామే ఎందుకు చేసుకోకూడదని ఆయన ఆ బోర్డు ముందు వాదన పెట్టారు. నెలల తరబడి చర్చలు సాగాక, కొత్త సంస్థకు లెక్కలు, రికార్డుల వంటి పరిపాలన పని మాత్రమే అప్పగించారు. షేర్ల ఎంపిక, ఫండ్ల అమ్మకం వెల్లింగ్టన్ దగ్గరే ఉండిపోయాయి. అలా 1974 సెప్టెంబరు 24న వాన్‌గార్డ్ ఏర్పడింది.

పేరు ఓడది. పాత నౌకాయుద్ధాల ముద్రణ చిత్రాలు అమ్మే వ్యాపారి ఒకరు ఆ రోజుల్లో బోగుల్ ఆఫీసుకు వచ్చారు. ఆయన ఇచ్చిన పుస్తకం తిరగేస్తుంటే 1798 నైలు యుద్ధంలో బ్రిటిష్ నౌకాధిపతి నెల్సన్ ఎక్కిన ఓడ పేరు కనిపించింది. ఆ ఓడే వాన్‌గార్డ్. ఇప్పటికీ ఆ సంస్థలో ఉద్యోగులను ఓడ సిబ్బందిగా పిలుస్తారు.

వాన్‌గార్డ్ యజమానులు ఎవరు?

దాని ఫండ్లే. ఆ ఫండ్లలో డబ్బు పెట్టినవారే ఫండ్లకు సొంతదారులు. అంటే మదుపరి, యజమాని ఒకరే. బయటి వాటాదారులకు డివిడెండ్ ఇవ్వాల్సిన పని లేదు కాబట్టి, సంస్థ పెరిగేకొద్దీ మిగిలే డబ్బు ఫీజుల తగ్గింపుగా మదుపరికే తిరిగి వస్తుంది. ఎస్ అండ్ పీ 500 ఫండ్‌లో ఇప్పుడు అక్కడ తీసుకునే ఖర్చు ఏడాదికి 0.04 శాతం. లక్ష డాలర్లకు 40 డాలర్లు!

ఇండెక్స్ ఫండ్‌ను ఎవరైనా నకలు చేయవచ్చు, చేశారు కూడా. ఈ యాజమాన్య పద్ధతిని మాత్రం ఆ రంగంలోని తక్కిన పెద్ద సంస్థలు అనుసరించలేదు. చేతికందే లాభాన్ని వదులుకోవడానికి మనసొప్పాలి కదా.

ఇండెక్స్ ఫండ్ పూర్తిగా ఆయన ఆవిష్కరణేనా?

కాదు. శాంసొనైట్ సూట్‌కేసుల కంపెనీ పెన్షన్ నిధిలోంచి 60 లక్షల డాలర్లను వెల్స్ ఫార్గో బ్యాంకు 1971లోనే ఇండెక్స్ పద్ధతిలో మదుపు చేసింది. ఆర్థికవేత్తలు అప్పటికే ఆ దిశగా రాస్తున్నారు. నోబెల్ గ్రహీత పాల్ శామ్యూల్సన్ 1974లో రాసిన వ్యాసంలో, ఎస్ అండ్ పీ 500ను ఉన్నదున్నట్టు అనుసరించే నిధిని ఏదైనా పెద్ద సంస్థ నెలకొల్పి చూపాలని కోరారు. ఆ వ్యాసం బోగుల్‌ను కదిలించింది.

కొంత అవసరం కూడా తోడైంది. ఏ షేర్లు కొనాలో వాన్‌గార్డ్ ఎంపిక చేయకూడదన్నది నిబంధన. ఇండెక్స్ ఫండ్‌లో ఎంపికే ఉండదు కాబట్టి అది నిబంధన దాటడం కాదని ఆయన బోర్డును ఒప్పించారు.

మొదటి ఫండ్‌కు ఆదరణ ఎలా ఉంది?

15 కోట్ల డాలర్లు వస్తాయనుకున్నారు. 1976 ఆగస్టు చివరికి వచ్చింది 1.13 కోట్ల డాలర్లు. సూచీలోని 500 కంపెనీల షేర్లనూ మామూలు లాట్లలో కొనడానికి కూడా ఆ సొమ్ము చాలదు. ఇష్యూ నడిపిన బ్రోకరేజీ సంస్థలు డబ్బు వెనక్కి ఇచ్చేద్దామన్నాయి. బోగుల్ ఒప్పుకోలేదు. పెద్ద కంపెనీలు 200, మిగతావాటికి ప్రతినిధులుగా మరో 80 ఎంచుకుని ఫండ్‌ను మొదలుపెట్టారు.

వాల్ స్ట్రీట్ దీన్ని బోగుల్ పిచ్చితనమని పిలిచింది. ఇండెక్స్ ఫండ్లు అమెరికా సంస్కృతికే విరుద్ధమంటూ వాటిని తుడిచిపెట్టాలని పిలుపునిచ్చిన పోస్టరు కూడా వచ్చింది. మరో పెద్ద ఫండ్ సంస్థ ఫిడెలిటీ అధిపతి ఎడ్వర్డ్ జాన్సన్, జనం సగటు రాబడితో తృప్తి పడతారంటే నమ్మలేనన్నారు. ఆ తర్వాత ఫిడెలిటీ కూడా ఇండెక్స్ ఫండ్లు అమ్మింది, ఇప్పటికీ అమ్ముతోంది.

తొలి ఫండ్‌ను బ్రోకర్ల ద్వారా, కమిషన్‌తోనే అమ్మారు. 1977 ఫిబ్రవరిలో వాన్‌గార్డ్ అమ్మకం కమిషన్లను పూర్తిగా ఎత్తేసింది. ఫండ్లను అమ్మిపెట్టే బ్రోకర్ల వ్యవస్థనంతా ఒక్క నిర్ణయంతో వదులుకోవడం మామూలు సాహసం కాదు.

సగటుతో సరిపెట్టుకోవడం ఓటమి కాదా?

మంచి ప్రశ్న. ఆర్థికవేత్త విలియం షార్ప్ 1991లో దీనికి తిరుగులేని జవాబిచ్చారు. మార్కెట్‌లోని షేర్లన్నీ ఎవరో ఒకరి చేతిలో ఉంటాయి. అందరి రాబడినీ కలిపితే వచ్చేదే మార్కెట్ రాబడి. అందులో ఇండెక్స్ మదుపరులకు మార్కెట్ రాబడి వస్తుంది. వారిని తీసేస్తే మిగిలినవారికి కూడా, ఖర్చుకు ముందు, సగటున అంతే రావాలి. ఖర్చు తీసేశాక ఎక్కువ ఖర్చు పెట్టినవారికి తక్కువ మిగులుతుంది. ఇది కూడికలు, తీసివేతల లెక్క. మార్కెట్ తెలివైనదా, మూర్ఖమైనదా అన్నదానితో దీనికి సంబంధం లేదు.

గెలిచే మేనేజర్లు లేరని కాదు. ఉంటారు. కాకపోతే రాబోయే పాతికేళ్లలో ఎవరు గెలుస్తారో ఈరోజే తెలియాలి. గత మూడేళ్ల రాబడి పట్టిక చూసి అది చెప్పగలమని అనుకునేవారు చాలామంది. నిన్నటి విజేత రేపు కూడా విజేతగా ఉంటాడనడానికి ఆ పట్టిక హామీ కాదు.

ప్రసిద్ధ మదుపరి వారెన్ బఫెట్ ఇదే విషయం మీద పది లక్షల డాలర్ల పందెం కాశారు. 2008 నుంచి 2017 వరకు పదేళ్లు ఒక పక్క వాన్‌గార్డ్ ఎస్ అండ్ పీ 500 ఫండ్, మరో పక్క హెడ్జ్ ఫండ్లలో (సంపన్నుల సొమ్మును భారీ ఫీజులతో నడిపే ఫండ్లలో) మదుపు చేసే ఐదు ఫండ్లు. మొదటి ఏడాదే మార్కెట్ ఘోరంగా పడింది, బఫెట్ పక్షం వెనకబడింది. పదేళ్లు పూర్తయ్యేసరికి ఇండెక్స్ ఫండ్ మొత్తంగా 125 శాతం పైన పెరిగింది. ఆ ఐదింటిలో ఒక్కటీ దాన్ని అందుకోలేదు.

అయితే బోగుల్ యాక్టివ్ ఫండ్లను (మేనేజర్లు షేర్లు ఎంచే ఫండ్లను) పూర్తిగా వ్యతిరేకించారా?

లేదు. వాన్‌గార్డ్ ఇప్పటికీ మేనేజర్లు నడిపే ఫండ్లను తక్కువ ఖర్చుతో అమ్ముతుంది. ఆయన కుమారుడు నడిపిన యాక్టివ్ ఫండ్‌లో బోగుల్ స్వయంగా కొంత డబ్బు పెట్టారు. ఆయన పోరాటం ఖర్చు మీద.

ఈటీఎఫ్‌లను ఎందుకు ఇష్టపడలేదు?

1990ల తొలి రోజుల్లో నేథన్ మోస్ట్ అనే స్టాక్ ఎక్స్చేంజి అధికారి, ఇండెక్స్ ఫండ్‌ను షేరు లాగా రోజంతా కొని అమ్మే పథకంతో (అదే ఈటీఎఫ్) బోగుల్ దగ్గరికి వచ్చారు. బోగుల్ వద్దన్నారు. మోస్ట్ మరో సంస్థతో కలిసి 1993 జనవరిలో దాన్ని మార్కెట్‌లోకి తెచ్చారు. పదేళ్లు కదపకుండా ఉంచాల్సిన దాన్ని నిమిషానికోసారి అమ్మే సౌకర్యం మనిషిని చెడగొడుతుందన్నది బోగుల్ భయం. ఆయన పదవులు వదిలాక 2001లో వాన్‌గార్డ్ కూడా ఈటీఎఫ్ తెచ్చింది. కొని అట్టే పెట్టేవారికి ఈటీఎఫ్ వల్ల హాని లేదు. ఫోనులో రోజుకు పదిసార్లు ధర చూసేవారికి మాత్రం ఆయన భయం నూటికి నూరుపాళ్లు వర్తిస్తుంది.

ఆయన ఎంత సంపాదించారు?

హాయిగా బతకడానికి సరిపడా. కానీ ఇంత పెద్ద ఫండ్ సంస్థను స్థాపించినవారు సాధారణంగా చేరే శతకోటీశ్వరుల జాబితాలో ఆయన ఎన్నడూ లేరు. వాన్‌గార్డ్ నేడు 10 లక్షల కోట్ల డాలర్లకు పైగా ఆస్తులను చూస్తోంది. ఆ లాభం ఆయన వారసులకు కాక మదుపరుల ఖాతాలకు చేరింది. 2005లో శామ్యూల్సన్ మాట్లాడుతూ బోగుల్ ఇండెక్స్ ఫండ్‌ను చక్రం, అక్షరమాల, అచ్చుయంత్రం సరసన చేర్చారు. బోగుల్‌ను ధనవంతుణ్ణి చేయకుండా మదుపరుల రాబడిని పెంచిన ఫండ్ అని ప్రత్యేకంగా అన్నారు. అమెరికా మదుపరులకు అందరికంటే ఎక్కువ మేలు చేసినవారికి విగ్రహం పెట్టాల్సి వస్తే అది బోగుల్‌కేనని బఫెట్ తన వాటాదారుల లేఖలో రాశారు.

గుండె మార్పిడి జరిగింది ఆయనకేనా?

అవును. 31 ఏళ్లకే మొదటి గుండెపోటు వచ్చింది. 1996 ఫిబ్రవరి 21న గుండె మార్పిడి జరిగింది. దాతగుండె కోసం ఆస్పత్రిలో 128 రోజులు ఎదురుచూశారు. ఆ తర్వాత దాదాపు 23 ఏళ్లు బతికి, చివరిదాకా రాస్తూ, మాట్లాడుతూనే ఉన్నారు.

ఇండెక్స్ ఫండ్ల వల్ల నష్టమేమీ లేదా?

ఉండవచ్చు. ఆ హెచ్చరిక చేసినవారిలో బోగుల్ కూడా ఒకరు. 2018 నవంబరులో వాల్ స్ట్రీట్ జర్నల్‌లో రాసిన వ్యాసంలో, అమెరికా ఇండెక్స్ ఫండ్ల ఆస్తుల్లో 81 శాతం మూడు సంస్థల చేతిలోనే ఉందని, అందులో వాన్‌గార్డ్ వాటాయే 51 శాతమని లెక్క చెప్పారు. ఇలాగే సాగితే దేశంలోని దాదాపు ప్రతి పెద్ద కంపెనీలో ఓటు హక్కు కొద్ది సంస్థల గుప్పిట్లోకి పోతుందని, అది దేశానికి మంచిది కాదని రాశారు. తాను పెంచిన చెట్టు గురించి, చనిపోవడానికి రెండు నెలల ముందు, ఇంత నిక్కచ్చిగా మాట్లాడారు. దీనికి సరైన పరిష్కారం ఇంకా ఎవరూ చూపలేదు.

మార్కెట్ పడినప్పుడు ఇండెక్స్ ఫండ్ కాపాడుతుందా?

కాపాడదు. 2008లో ఎస్ అండ్ పీ 500 సుమారు 37 శాతం పడింది, మన నిఫ్టీ ఆ ఏడాది సగానికి పైగా పోగొట్టుకుంది. ఫండ్ కూడా అంతే పడుతుంది. అందుకే షేర్లతో పాటు బాండ్లు కూడా ఉండాలని, వయసు పెరిగేకొద్దీ వాటి వాటా పెంచుకోవాలని బోగుల్ చెప్పేవారు. ఐదేళ్లలోపు అమ్మాయి పెళ్లికో ఇంటికో కావాల్సిన డబ్బు ఇందులో పెట్టకండి.

వాన్‌గార్డ్ ఫండ్లను మన దేశంలో కొనవచ్చా?

వాన్‌గార్డ్ ఇక్కడ మ్యూచువల్ ఫండ్లు అమ్మడం లేదు. భారతదేశంలో తన తొలి కార్యాలయాన్ని హైదరాబాదులో పెడతామని, నాలుగేళ్లలో సుమారు 2,300 మందిని తీసుకుంటామని 2025లో ప్రకటించింది. అది సాంకేతిక పనుల కోసం పెట్టే కేంద్రం.

మన దగ్గర ఇండెక్స్ ఫండ్లు ఎప్పటి నుంచి ఉన్నాయి?

యూటీఐ నిఫ్టీ ఫండ్ 2000లో వచ్చింది. బెంచ్‌మార్క్ అనే చిన్న సంస్థ నిఫ్టీ బీస్ పేరుతో తొలి ఈటీఎఫ్‌ను 2001 చివర్లో తెచ్చింది. చాలా ఏళ్లు వీటిని పట్టించుకున్నవారు తక్కువ. ఏజెంటుకు కమిషన్ రాని దాన్ని ఏజెంటు ఎందుకు సిఫారసు చేస్తాడు? 2009 ఆగస్టులో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ప్రవేశ రుసుమును రద్దు చేసింది, 2013 జనవరి నుంచి కమిషన్ లేని డైరెక్ట్ ప్లాన్లు తప్పనిసరి చేసింది. ఈ రెండు నిర్ణయాలతో పరిస్థితి మారింది. ఉద్యోగుల భవిష్య నిధి సంస్థ కూడా 2015 ఆగస్టు నుంచి కొత్తగా వచ్చే సొమ్ములో కొంత భాగాన్ని ఈటీఎఫ్‌లలో పెడుతోంది. పీఎఫ్ ఖాతా ఉన్న చాలామందికి తమ డబ్బు సూచీలను అనుసరిస్తోందని తెలియదు.

ఒక తేడా మాత్రం గుర్తుంచుకోండి. ఇక్కడి ఫండ్ సంస్థలకు బయటి యజమానులు ఉన్నారు. ఈరోజు పోటీ వల్ల ఖర్చు తక్కువగా ఉన్నా, రేపు పెంచకూడదన్న నియమం లేదు. ఏడాదికోసారి ఖర్చుల నిష్పత్తి చూసుకోవడం మన బాధ్యత.

అమెరికాలో ఉంటున్నాను. ఇండియా ఇండెక్స్ ఫండ్ కొనవచ్చా?

కొనేముందు ఆగండి. అమెరికా పన్ను పరిధిలో ఉన్నవారు భారతీయ మ్యూచువల్ ఫండ్లు పెట్టుకుంటే, అక్కడి చట్టం వాటిని పీఎఫ్ఐసీ (విదేశీ పెట్టుబడి సంస్థ) కోవలో చేర్చి కఠినంగా పన్ను వేస్తుంది. 8621 నంబరు ఫారం నింపాల్సి వస్తుంది. చాలామందికి తమ ఉద్యోగంతో వచ్చే 401(కె) రిటైర్‌మెంట్ పొదుపు పథకంలో చౌక ఇండెక్స్ ఫండ్ ఉందేమో చూసుకోవడమే సులువు. భారత్ షేర్లే కావాలంటే అమెరికాలో నమోదైన ఈటీఎఫ్‌లు ఉన్నాయి.

నా దగ్గర ఉన్నది రెగ్యులర్ ప్లానో, డైరెక్ట్ ప్లానో ఎలా తెలుస్తుంది? మార్చుకోవాలా?

మీ మెయిలుకు వచ్చే ఖాతా వివరాల పత్రం తెరవండి. పథకం పేరులోనే రెగ్యులర్ అనో డైరెక్ట్ అనో రాసి ఉంటుంది. రెండింటిలోనూ ఉండేవి అవే షేర్లు. రెగ్యులర్ ప్లానులో ఏటా మధ్యవర్తి కమిషన్ పోతుంది, అందుకే దాని ఎన్ఏవీ డైరెక్ట్ కంటే తక్కువగా కనిపిస్తుంది.

మార్చడమంటే చట్టం దృష్టిలో పాతది అమ్మి కొత్తది కొనడమే. ఈక్విటీ ఫండ్ యూనిట్లు ఏడాది దాటాక అమ్మితే, 2024 జులైలో మారిన నిబంధన ప్రకారం ఒక ఆర్థిక సంవత్సరంలో 1.25 లక్షలు మించిన లాభం మీద 12.5 శాతం పన్ను పడుతుంది. ఏడాదిలోపు అయితే 20 శాతం. ఎగ్జిట్ లోడ్ (త్వరగా అమ్మితే తీసుకునే రుసుము) ఉందేమో కూడా చూసుకోవాలి. కాబట్టి ముందు రెగ్యులర్ ప్లానులో నడుస్తున్న సిప్‌ను (నెలనెలా కట్టే మదుపును) ఆపి, అదే మొత్తంతో డైరెక్ట్ ప్లానులో కొత్త సిప్ మొదలుపెట్టండి. పాత యూనిట్లను, లాభం ఆ 1.25 లక్షల పరిమితి దాటకుండా, ఏడాదికి కొంత చొప్పున మార్చుకోవచ్చు.